పది నానోమీటర్ల గోళీని పిండితే

చిన్నప్పుడు వీధిలో ఆడిన గాజు గోళీ అడ్డుకొలత సుమారు 16 మిల్లీమీటర్లు. దాన్ని 16 లక్షల రెట్లు చిన్నది చేస్తే 10 నానోమీటర్ల గోళీ వస్తుంది. అలాంటి గోళీలు టన్నుల లెక్కన తయారై మన ఇళ్లలోకి వస్తూనే ఉన్నాయి. మసాలా పొడి గడ్డకట్టకుండా కలిపే పదార్థం, ప్యాకెట్ వెనక 551 అనే అంకెతో కనిపించేది, ఈ జాతిదే. టైరు రబ్బరులో, పెయింటులో, టూత్‌పేస్టులో, కంప్యూటర్ చిప్‌లను నునుపు చేసే ద్రావణంలో వాడేదీ ఇదే. రసాయనంగా చూస్తే ఇసుకకు తోబుట్టువు: సిలికాన్, ఆక్సిజన్ కలిసిన సిలికా. కాకపోతే ఇసుక రేణువులో పరమాణువులు బడి ప్రార్థనలో పిల్లల్లా వరసగా నిలబడతాయి, ఈ గోళీలో సంతలో జనంలా ఉంటాయి. వరస లేకుండానే గట్టిపడిన పదార్థాన్ని గాజు అంటున్నాం.

ఒక్క గోళీని పట్టుకుని లెక్క చేద్దాం. అడ్డుకొలత 10 నానోమీటర్లు, కాబట్టి ఘనపరిమాణం 524 ఘన నానోమీటర్లు. సిలికా గాజు సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.2 గ్రాములు. ఆ సాంద్రత దగ్గర ఒక్కో ఘన నానోమీటరులో సిలికాన్ పరమాణువులు 22, ఆక్సిజన్‌వి 44 పడతాయి. గుణిస్తే గోళీ మొత్తంలో సిలికాన్ 11,500, ఆక్సిజన్ 23,000 పైచిలుకు, వెరసి సుమారు 34,600. ఓ చిన్న పట్టణం జనాభా. భూమిలో వెయ్యి కిలోమీటర్ల లోతున ఉండేంత పీడనంతో ఈ పట్టణాన్ని అన్ని వైపుల నుంచీ నొక్కితే జనం ఎలా సర్దుకుంటారు? పట్టు వదిలాక ఎవరి ఇంటికి వాళ్లు తిరిగొస్తారా? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం గోళీ సైజును బట్టి మారిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

నొక్కడం అంటే ఎంత నొక్కడం

కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపలి ఆవిరి, బయటి గాలి కంటే ఒక్క వాతావరణ పీడనం మాత్రమే ఎక్కువ. మరియానా అగాధం అడుగున నీటి పీడనం మనం పీల్చే గాలి పీడనానికి సుమారు 1,070 రెట్లు. 1 గిగాపాస్కల్ అంటే 9,869 వాతావరణ పీడనాలు, చేతిలెక్కకు పదివేలు అనుకోవచ్చు. భూమి నట్టనడుమ 360 గిగాపాస్కల్ దాకా ఉంటుంది. మనకు అంత అక్కర్లేదు. సిలికా గాజు కథలో ముఖ్యమైన మలుపులన్నీ 1కీ 50కీ మధ్యలోనే వస్తాయి.

ఇంత పీడనాన్ని ఏ పెద్ద యంత్రమో పుట్టిస్తుందనుకుంటాం. పుట్టించేది అరచేతిలో పట్టే పరికరం. పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది, కనుక బలం పెంచే బదులు వైశాల్యం తగ్గిస్తే సరి. రెండు వజ్రాల కొసలను 0.3 మిల్లీమీటర్ల వెడల్పున చదును చేసి ఎదురెదురుగా పెడితే, 20 గిగాపాస్కల్ రావడానికి కావలసిన బలం 144 కిలోల బరువుతో సమానం. ఇద్దరు మనుషుల బరువు. నాలుగు మరలు ఓపిగ్గా బిగిస్తే చాలు. 1958లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో చార్లెస్ వీర్, ఆల్విన్ వాన్ వాల్కెన్‌బర్గ్, మరి ఇద్దరు సహచరులు ఈ పరికరాన్ని రూపొందించారు. దొంగ రవాణాలో పట్టుబడి ప్రభుత్వం చేతికొచ్చిన వజ్రాలు వాళ్లకు అక్కరకొచ్చాయి. ఇందులో వాడే వజ్రం పావు క్యారెట్టో, మూడోవంతు క్యారెట్టో ఉంటుంది. 105.6 క్యారెట్ల కోహినూరు పక్కన అది నలుసు. అయినా గోల్కొండ వజ్రాలకు పేరు తెచ్చిన గుణం, అంటే నత్రజని మలినం దాదాపు లేకపోవడం, ఇక్కడా విలువైనదే. పరారుణ కాంతిని పంపి లోపలి నమూనాను చూడాలంటే అలాంటి స్వచ్ఛమైన వజ్రాలే కావాలి.

రెండు కొసల మధ్య పలచని లోహపు రేకు. దానికి 0.1 మిల్లీమీటర్ల కంత. అందులో మన గోళీల పొడి, ఓ చుక్క ద్రవం, ఒక కెంపు నలుసు. రేకు మందం 0.04 మిల్లీమీటర్లు ఉండి, కంతలో సగం చోటే గోళీలకు దక్కినా, అక్కడ పట్టేవి 30,000 కోట్లు. కెంపు పీడనాన్ని కొలిచే మీటరు. లేజరు పడగానే అది 694.2 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. పీడనం 1 గిగాపాస్కల్ పెరిగినప్పుడల్లా ఆ వెలుగు 0.365 నానోమీటర్లు జరుగుతుంది. ఎంత జరిగిందో చూస్తే ఎంత నొక్కామో తెలిసిపోతుంది. ఈ ఉపాయం 1972 నాటిది. ఇప్పటికీ ప్రయోగశాలల్లో రోజూ వాడుతున్నారు.

ముందు కుదిరేది గాలి

మంటలో తయారుచేసే సిలికా పొడిని చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు. లీటరు పొడి సుమారు 50 గ్రాములు తూగుతుంది. గాజు సాంద్రతతో పోలిస్తే అందులో గాజు 2 శాతం పైచిలుకు, మిగతా 98 శాతం దాకా గాలి. మరమరాల బస్తా కూడా దీని ముందు బరువే. ఇలాంటి పొడిని పిండినప్పుడు మొదట్లో కనిపించే కుదింపంతా గోళీల మధ్య సందులు పూడుకోవడమే, గోళీ లోపల ఏమీ జరగదు. ఒకే సైజు గోళీలను ఎలా కుదిపినా, వరస పెట్టకుండా నింపితే అవి ఆక్రమించేది 64 శాతం చోటే. ఆ తర్వాత గోళీకి గోళీ తగులుతుంది. తగిలేది చుక్కంత చోట. ఆ చుక్క దగ్గర పీడనం, మరలు బిగించి మనం ఇచ్చిన సగటు పీడనం కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. గోళీ పొట్ట దగ్గర నెమ్మది, తాకిన చోట నలుగుడు.

అందుకే చుట్టూ ద్రవం పోస్తారు. మిథనాల్ నాలుగు పాళ్లు, ఇథనాల్ ఒక పాలు కలిపిన ద్రవం 10 గిగాపాస్కల్ దాకా ద్రవంగానే ఉండి అన్ని వైపులా సమంగా నొక్కుతుంది. అంతకు మించి వెళ్లాలంటే హీలియం మేలంటారు. కానీ సిలికా దగ్గర హీలియం దొంగ. 2011లో జపాన్ పరిశోధకులు సాటో, ఫునామోరి, యాగి చూపించిందేమిటంటే, పీడనం పెరిగేకొద్దీ హీలియం పరమాణువులు గాజు లోపలి ఖాళీల్లోకి దూరిపోయి, గాజును కుదించనివ్వకుండా లోపలి నుంచి ఆసరా ఇస్తాయి. నొక్కమని పెట్టిన వాడే వెళ్లి దిండు వేసినట్టు! మామూలు గాజు ముక్కకే ఇలా జరిగితే, మధ్య బిందువు ఉపరితలానికి 5 నానోమీటర్ల దూరంలోనే ఉన్న గోళీలో హీలియం లోపలికి పోవడానికి పట్టే సమయం ఏపాటి? కాబట్టి నానో గాజు మీద వచ్చిన ఏ అంకెనైనా, చుట్టూ ఏ ద్రవం పోశారో తెలియకుండా నమ్మకూడదు.

మడత కుర్చీ

ఇక గోళీ లోపలికి వెళదాం. ఒక్కో సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు. సిలికాన్ నుంచి ఆక్సిజన్‌కి 0.161 నానోమీటర్లు. ఈ నాలుగు మూలల దిమ్మె చాలా గట్టిది. ప్రతి మూలలోని ఆక్సిజన్, పక్క దిమ్మెతో ఉమ్మడి ఆస్తి. ఇలా మూల మూల కలుపుకుంటూ పోతే వలయాలు ఏర్పడతాయి: ఎక్కువ వలయాల్లో ఆరు సిలికాన్లు, కొన్నింట్లో అయిదు, ఏడు, ఎనిమిది, అరుదుగా నాలుగు, మూడు. దిమ్మెలు గట్టివే గానీ దిమ్మెకూ దిమ్మెకూ మధ్య ఉన్న ఆక్సిజన్ కీలులాంటిది. ఆ కీలు సగటున 145 డిగ్రీల చుట్టుపక్కల తెరుచుకుని ఉంటుంది. మడత కుర్చీ అనుకోండి. దాని కర్రలు కుదించుకుపోవు, కీళ్లు మడతపడతాయి. కుర్చీ చోటు తగ్గుతుంది, కర్ర పొడవు తగ్గదు.

1 గిగాపాస్కల్ దగ్గర ఏమవుతుంది? సిలికా గాజును కుదించడానికి అడ్డుపడే గుణాన్ని అంకెలో చెబితే సుమారు 37 గిగాపాస్కల్. అంటే 1 గిగాపాస్కల్‌కి ఘనపరిమాణం 2.7 శాతం తగ్గుతుంది. అడ్డుకొలతలో ఇది 0.9 శాతం: 10 నానోమీటర్లలో 0.09 నానోమీటర్లు. ఒక్క సిలికాన్-ఆక్సిజన్ బంధం పొడవులో కాస్త సగం పైన. పదివేల వాతావరణ పీడనాలు పెట్టి సాధించింది ఇంతే.

తర్వాతి మెట్టు వింతగా ఉంటుంది. మామూలుగా ఏ పదార్థమైనా నొక్కేకొద్దీ గట్టిపడుతుంది, సిలికా గాజు మాత్రం 2, 3 గిగాపాస్కల్ దాకా మెత్తబడుతుంది. కీళ్లు ఒక్కొక్కటిగా పట్టు తప్పి మడతపడటం మొదలుపెడతాయి గనుక, మొదటి అడుగు కంటే రెండో అడుగు తేలిక. ఆ తర్వాతే ఎదురు తిరగడం మొదలవుతుంది. ఇంతవరకు జరిగిందంతా వాపసు వచ్చేదే. మరలు వదిలితే గోళీ మళ్లీ 10 నానోమీటర్లకు వస్తుంది.

గీత 9, 10 గిగాపాస్కల్ దగ్గర ఉంది. అది దాటాక బంధాలు తెగి, కొత్త పొరుగువాళ్లతో అతుక్కుంటాయి. పెద్ద వలయాలు విడిపోయి వాటి చోట వేరే వలయాలు పుడతాయి, చిన్నవాటి వాటా పెరుగుతుంది. ఒక్కో సిలికాన్ చుట్టూ ఉన్న ఆక్సిజన్లు మాత్రం ఇంకా నాలుగే. పట్టణంలో ఇళ్లు కూలలేదు, వీధులు మారాయి. ఇలా మారిన వీధులు వదిలేసినా వెనక్కి రావు. సున్నుండ పిడికిట్లో బిగించి వదిలితే పిండి మళ్లీ పొడిపొడిగా విడిపోదు కదా, అలా. గాజు ఇలా శాశ్వతంగా చిక్కబడుతుందని 1953లో హార్వర్డ్‌కు చెందిన పెర్సీ బ్రిడ్జ్‌మన్, ఇవాన్ షిమాన్‌తో కలిసి చూపించాడు. అధిక పీడనాల మీద చేసిన కృషికి 1946లోనే నోబెల్ అందుకున్నవాడు బ్రిడ్జ్‌మన్. వజ్రాల పరికరం రావడానికి ఇంకా అయిదేళ్లుంది అప్పటికి.

20 గిగాపాస్కల్ దాటితే ఇళ్ల వంతు వస్తుంది. నాలుగు ఆక్సిజన్ల మధ్య ఉన్న సిలికాన్ అయిదో దాన్ని, ఆరో దాన్ని కూడా దగ్గరికి చేర్చుకుంటుంది. సాటో, ఫునామోరి 2008లోనూ 2010లోనూ ఎక్స్-కిరణాలతో కొలిచి చెప్పినదాని ప్రకారం 20 దాకా పొరుగులు నాలుగే, 40, 45 దాటేసరికి ఆరు, ఆపైన 100 గిగాపాస్కల్ దాకా ఆరుగానే ఉంటాయి. ఇక్కడ చదువరి ఒక్క క్షణం ఆగాలి. నొక్కితే బంధం పొట్టిదవ్వాలి కదా? పొడవవుతుంది. ఆరు ఆక్సిజన్లు చుట్టూ చేరితే ఒక్కొక్కరూ కాస్త దూరం జరగక తప్పదు. సిలికాలో ఆరు పొరుగులున్న స్ఫటికం స్టిషోవైట్. అందులో సగటు బంధం 0.177 నానోమీటర్లు, మామూలు గాజులో 0.161. బంధం సాగింది, చోటు మాత్రం తగ్గింది. ఇరుకు గదిలో ఆరుగురు కూర్చుంటే ఎవరి ఒళ్లోనూ ఎవరూ కూర్చోరు గానీ గదిలో ఖాళీ మిగలదు. స్టిషోవైట్ సాంద్రత 4.29, మనం మొదలుపెట్టిన గాజుది 2.2.

తొక్క ఎంత, కండ ఎంత

ఇంతవరకు చెప్పిన అంకెలన్నీ చేతికి అందేంత గాజు ముక్కలవి. నానో గోళీకి వాటిని అలాగే అంటగట్టడం నా దృష్టిలో ఈ రంగంలో సాధారణంగా జరిగే తప్పు. కారణం తొక్క.

గాజు గోళీ బయటి అంచు నుంచి 0.5 నానోమీటర్ల లోతు వరకు, అంటే మూడు బంధాల లోతు, తొక్క అనుకుందాం. 16 మిల్లీమీటర్ల గోళీలో తొక్క వాటా లెక్కలోకి రాదు, ఒక్క శాతాన్ని లక్ష పాళ్లు చేస్తే అందులో రెండు పాళ్ల కంటే తక్కువ. 100 నానోమీటర్ల గోళీలో అది 3 శాతం. 20 నానోమీటర్లకు 14 శాతం. మన 10 నానోమీటర్ల గోళీలో 27 శాతం. 5 నానోమీటర్లకు 49 శాతం, 2 నానోమీటర్లకు దాదాపు 88 శాతం. పుచ్చకాయ తొక్క వేరు, రేగుపండు తొక్క వేరు. 2 నానోమీటర్ల గోళీకి కండ లేదు, ఉన్నదంతా తొక్కే.

తొక్కలోని సిలికాన్లకు పూర్తి వలయాలు దొరకవు. బయటివైపు పట్టుకోవడానికి పక్క దిమ్మె ఉండదు గనుక అక్కడి ఆక్సిజన్ ఒక హైడ్రోజన్‌ను పట్టుకుని ఊరుకుంటుంది. తడి గాలి తగిలిన సిలికా ఉపరితలంపై ఇలాంటి జతలు చదరపు నానోమీటరుకు దాదాపు 4.9 ఉంటాయి. మన గోళీ ఉపరితలం 314 చదరపు నానోమీటర్లు, కాబట్టి 1,540 జతలు. 11,500 సిలికాన్లకు 1,540 అంటే సుమారు ఏడున్నరకు ఒకటి. రెండు గోళీలను గట్టిగా అదిమితే ఎదురెదురుగా వచ్చిన రెండు జతలు కలిసి, ఒక నీటి అణువును వదిలేసి, ఆక్సిజన్ వంతెనతో అతుక్కోగలవు. నొక్కకముందు రెండు గోళీలు, నొక్కాక ఒక జంట. పొడి విషయానికొస్తే ఉపరితలం ఎంతో అంచనా చెప్పడానికి మనకు తెలిసిన కొలతే ఉంది: 12 నానోమీటర్ల గోళీల పొడి ఒక్క గ్రాము తీసుకుంటే దాని ఉపరితలం 227 చదరపు మీటర్లు, అంటే 270 గజాల స్థలం. ఒక్క గ్రాము పొడిలో ఇల్లు కట్టుకునేంత చోటు.

ఇప్పుడు సగటు చేసే మోసం చూడండి. ఒక ఉదాహరణకు, పెద్ద పీడనం దగ్గర కండలోని సిలికాన్లన్నీ ఆరు పొరుగులకు చేరాయని, తొక్కలోవి అయిదు దగ్గర ఆగిపోయాయని అనుకుందాం. ఎక్స్-కిరణాలు తొక్కనూ కండనూ వేరుచేసి చూపించవు, మొత్తం కలిపి ఒకే సగటు ఇస్తాయి. 10 నానోమీటర్ల గోళీకి ఆ సగటు 5.73. 5 నానోమీటర్లకు 5.51. 100 నానోమీటర్లకు 5.97. ఈ మూడు అంకెలు చూసినవాడు, చిన్న గోళీలో గాజు ఆలస్యంగా మారుతోందని రాసేస్తాడు. నిజానికి మూడింటి కండా ఒకేలా మారింది, తొక్క వాటా వేరు కావడమే తేడా. ఏ ఫలితం చదివినా మొదట ఈ లెక్క వేసి, తొక్క వాటా తీసేశాక ఇంకేమైనా మిగిలిందా అని చూడాలి.

చిన్నదనానికి ఇంకో ఫలితం ఉంది. సబ్బు బుడగ ఎంత చిన్నదైతే లోపల గాలి అంత బిగువుగా ఉంటుంది. గోళీ ఉపరితలం కూడా తన లోపలి భాగాన్ని అలాగే బిగించి పట్టుకుంటుంది. సిలికా ఉపరితల శక్తి చదరపు మీటరుకు సుమారు 0.3 జౌళ్లు అనుకుని లెక్కేస్తే, 10 నానోమీటర్ల గోళీ లోపల మనం చేయి వేయకముందే 0.12 గిగాపాస్కల్ పీడనం ఉంటుంది. అంటే 1,200 వాతావరణ పీడనాలు, మరియానా అగాధం కంటే కాస్త ఎక్కువ! ఉపరితలానికి తడి పట్టి ఉంటే ఇందులో సగానికి పడిపోవచ్చు. వినడానికి భారీగా ఉన్నా దీని వల్ల గోళీ ఘనపరిమాణం తగ్గేది 0.3 శాతమే. చిన్న గోళీ లోపలి ఈ పీడనమే అంతా మార్చేస్తుందని కొందరు రాస్తారు. అంత సీను లేదు.

పక్క ఊళ్ల సంగతులు

సైజు నిజంగా ఆట మార్చిన సందర్భాలు స్ఫటికాల్లో స్పష్టంగా కనిపించాయి. 1994లో సారా టోల్బర్ట్, పాల్ అలివిసాటోస్ కాడ్మియం సెలెనైడ్ రేణువులను నొక్కి చూశారు. పెద్ద స్ఫటికం 3 గిగాపాస్కల్ లోపే కొత్త అమరికకు మారిపోతుంది. 2.1 నానోమీటర్ల వ్యాసార్థం ఉన్న రేణువు 3.6 దాకా, 1 నానోమీటరు వ్యాసార్థం ఉన్నది 4.9 దాకా తట్టుకున్నాయి. ఇక టైటానియం డయాక్సైడ్ కథ మనకు మరీ దగ్గర. దాని పెద్ద స్ఫటికాన్ని నొక్కితే ఇంకో స్ఫటికం అవుతుంది. 10 నానోమీటర్ల కంటే చిన్న రేణువులను 20 గిగాపాస్కల్ చుట్టుపక్కల నొక్కినప్పుడు కొత్త స్ఫటికం పుట్టలేదు, ఉన్న వరస చెదిరి గాజైపోయింది. 2006లో వచ్చిన ఫలితమిది. పీడనం వదిలితే ఆ చిక్కటి గాజు పలచటి గాజుగా మారింది, స్ఫటికం మాత్రం తిరిగి రాలేదు. కొత్త అమరిక మొలకెత్తాలంటే కొంత చోటు కావాలి, అంత చోటు ఆ రేణువులో లేదు.

పీడనంతో గాజు చేయడమనే విద్యకు మూలం మంచు. 1984లో కెనడాలో ఒసాము మిషిమా బృందం మైనస్ 196 డిగ్రీల దగ్గర మామూలు మంచును 1 గిగాపాస్కల్‌తో నొక్కి గాజు మంచు చేసింది. మరుసటి ఏడాదికల్లా అదే నీటికి రెండు రకాల గాజులున్నాయని తేలింది: ఒకదాని సాంద్రత 1.17, రెండోదానిది 0.94. ఒకే పదార్థానికి రెండు గాజులా అని అప్పట్లో ఆశ్చర్యపోయారు. ఇప్పుడు సిలికాలో నాలుగు పొరుగుల గాజు, ఆరు పొరుగుల గాజు అంటుంటే ఎవరూ కనుబొమ్మ ఎత్తడం లేదు.

అన్ని గాజులూ సిలికాలా లొంగవు. కిటికీ అద్దం గాజులో సోడియం, కాల్షియం పరమాణువులు ముందే ఖాళీల్లో కూర్చుని ఉంటాయి. అందుకే 25 గిగాపాస్కల్ దాకా తీసుకెళ్లి వదిలినా అది శాశ్వతంగా చిక్కబడేది 6 శాతం చుట్టూ, సిలికా అయితే 20 శాతం పైమాటే. లోహపు గాజుల్లో పరమాణువులు మొదటినుంచీ కిక్కిరిసి ఉంటాయి, పోగొట్టుకోవడానికి ఖాళీ లేదు. గుర్తుంచుకోవాల్సిందేమిటంటే, మనం వీధిలో ఆడిన గోళీ కిటికీ గాజుది, ఈ వ్యాసంలోని గోళీ శుద్ధ సిలికాది.

కంప్యూటర్ గోళీ

34,600 పరమాణువులను కంప్యూటర్లో పెట్టి నొక్కడం ఈ రోజుల్లో పెద్ద పని కాదు. తొక్కనూ కండనూ విడివిడిగా లెక్కపెట్టగలగడం దాని గొప్ప. కానీ దాని గడియారం వేరు. ఒక్కో అడుగు, సెకనులో కోటి కోట్లో వంతులో మళ్లీ పదోవంతు. పది లక్షల అడుగులు వేస్తే అయ్యేది 1 నానోసెకను. ఆ కాసేపట్లోనే 20 గిగాపాస్కల్ ఎక్కించేస్తారు. ప్రయోగశాలలో అదే పనికి ఒక గంట తీసుకుంటే, కంప్యూటర్ 3.6 లక్షల కోట్ల రెట్లు తొందరపడినట్టు. కీళ్లు సర్దుకోవడానికి సమయం చిక్కదు. అందుకే కంప్యూటర్లో మార్పు మొదలయ్యే పీడనం, ప్రయోగంలో కంటే ఎక్కువగా రావడం మామూలు. దాని నుంచి ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తీసుకోవచ్చు. కచ్చితమైన అంకె తీసుకోకూడదు.

గోళీని ఒక్కదాన్నే పట్టుకుని, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూస్తూ నొక్కే పద్ధతీ ఉంది. అందులో 2010లో చైనా, అమెరికా పరిశోధకులకు ఒక తమాషా ఎదురైంది. ఎలక్ట్రాన్ల పుంజం పడుతున్నంతసేపూ సిలికా గోళీ పగలకుండా పిండి ముద్దలా చదునైంది. పుంజం ఆపితే గట్టిగా ఎదురు నిలిచింది. ఎలక్ట్రాన్లు తగిలి బంధాలు తెగి, మళ్లీ అతుక్కోవడం తేలికైందన్నమాట. చూడటానికి వేసిన దీపమే చూస్తున్నదాన్ని మెత్తబరిచింది.

వదిలాక

మరలు విప్పేద్దాం. 50 గిగాపాస్కల్ నుంచి దిగివస్తుంటే ఆరో పొరుగు, అయిదో పొరుగు వెళ్లిపోతారు. సున్నాకు చేరేసరికి ప్రతి సిలికాన్ చుట్టూ మళ్లీ నాలుగే. కానీ వీధులు పాతవి కావు. సాంద్రత 20 శాతం పెరిగి 2.64 దగ్గర ఉండిపోతుంది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ స్ఫటికం సాంద్రత 2.65. అంటే స్ఫటికమంత చిక్కగా ఉంది, అయినా స్ఫటికపు వరస ఛాయ కూడా లేదు. వందల డిగ్రీలు వేడి చేసి ఓపిక పడితే మెల్లగా మళ్లీ 2.2 వైపు వదులవుతుంది.

10 నానోమీటర్ల గోళీ ఇప్పుడు ఎంత? సాంద్రత 20 శాతం పెరిగితే అడ్డుకొలత 6 శాతం తగ్గుతుంది, 9.4 నానోమీటర్లు. తేడా 0.6 నానోమీటర్లు. ఒకే సీసాలోని పొడిలో గోళీకీ గోళీకీ ఉండే సైజు తేడా ఇంతకంటే ఎక్కువే. సూక్ష్మదర్శిని కింద నొక్కినదాన్నీ నొక్కనిదాన్నీ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం.

కాంతి చెప్పగలదు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ కనిపెట్టిన ప్రభావం ఈ రంగానికి ఆయువుపట్టు. కృష్ణా జిల్లా నుంచి వెళ్లి రామన్ దగ్గర పనిచేసి, తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ విద్యను నిలబెట్టినవాడు సూరి భగవంతం. సిలికా గాజు మీద లేజరు వేస్తే వచ్చే రామన్ వర్ణపటంలో 440 దగ్గర ఒక వెడల్పాటి గుట్ట, 495 దగ్గర, 606 దగ్గర రెండు సన్నని శిఖరాలు కనిపిస్తాయి. ఈ అంకెలు సెంటీమీటరుకు ఎన్ని తరంగాలో చెప్పేవి. 495 నాలుగు సిలికాన్ల వలయానిది, 606 మూడు సిలికాన్ల వలయానిది. గాజును చిక్కబరిస్తే ఈ రెండు శిఖరాలూ ఎత్తు పెరుగుతాయి, గుట్ట ఇరుకై పక్కకు జరుగుతుంది. వీధులు మారాయనడానికి చేతికి దొరికే సాక్ష్యమిది.

నానో పొడి దగ్గర ఈ సాక్ష్యం కూడా మెలిక పెడుతుంది. మంటలో పుట్టిన సిలికా గోళీల ఉపరితలం మీద మూడు సిలికాన్ల వలయాలు పుట్టుకతోనే ఎక్కువ. అసలు నొక్కకుండానే 606 శిఖరం పొడుగ్గా కనిపిస్తుంది. దాన్ని చూసి పీడనం పనిచేసిందని రాస్తే తప్పు. అందుకని, అదే సీసాలోంచి తీసి, వజ్రాల మధ్య పెట్టకుండా పక్కన ఉంచిన చిటికెడు పొడికి కూడా వర్ణపటం తీసి చూపించని నానో ఫలితాన్ని సగం ఫలితంగానే చదవండి.